బాగున్నాం. మీరు?

వైశాఖ శుద్ధ తదియ

తెల్లారగానే టవరెక్కి సోలార్ పలకలు తుడిచాను. రాత్రి గాలికి ఉప్పు పేరుకుని సున్నం కొట్టిన గోడల్లా తయారయ్యాయి. ఈ పనికి ఒక మనిషిని పెట్టమని గట్టు అధ్యక్షురాలు సరోజిని గారికి ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. ఈ టపా గది దినచర్యను ఆవిడ నెలకోసారి చదువుతారు కనుక ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను. నా మోకాళ్ళు నా మాట వినడం మానేసి చాలా కాలమైంది.

దిగి వచ్చి పలకరింపులు చూశాను. మా ఏడో గట్టు మీది ఇళ్ళన్నీ పలికాయి, చుట్టూ ఉన్న లంకలూ పలికాయి. కొత్తగా వచ్చినవాళ్ళకి ఈ పద్ధతి విడ్డూరంగా ఉంటుంది. ఉప్పెన ఏట ఒక లంక మీద కుటుంబం కుటుంబమే పోతే, పోయారన్న సంగతి మిగిలినవాళ్ళకి తెలిసేసరికి వారం దాటింది. అప్పటినుంచి ప్రతి ఇల్లూ పొద్దున్నే తన అడ్రసుల పుస్తకంలో ఉన్న అందరికీ మెయిల్ పెట్టాలి. "బాగున్నాం. మీరు?" అంతే. వచ్చినదాన్ని పొయ్యి వెలిగించకముందే తెరవాలి, జవాబివ్వాలి. తెరవకపోవడమంటే పలకరించిన మనిషి ముఖం మీద తలుపు వేసినట్టే. మధ్యాహ్నానికి ఏ ఇంటి నుంచైనా పలకరింపు రాకపోతే, ఎందుకని అడగకుండా అటు పడవ కదలాలి.

మా చెల్లెలు నూకరత్నం ఒక్కతే ఈ రెండు మాటలతో సరిపెట్టదు. ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి. ఈరోజు రాసింది చూడండి: "బాగున్నాం. మీరు? మీరంటే నువ్వొక్కదానివేగా, ముసలిదానా, నీ మోకాళ్ళతో కలిపి ముగ్గురు." ఉప్పులంకలో ఉండేది అదీ, దాని మొగుడు చిట్టబ్బాయీ. కూలీలు ఉప్పు పడవతో వచ్చి పడవతోనే వెళ్ళిపోతారు. మాట్లాడటానికి మనిషి దొరకని చోట ఉండి, ఉన్న వాగుడంతా నా మీద ఒలకబోస్తుంది. జవాబుగా నేనూ నాలుగు తిట్లు పంపాను.

మరో సంగతి. ధాన్యం గిడ్డంగి నుంచి వచ్చిన పలకరింపుతో ఒక ఫొటో కూడా వచ్చింది. "మీ గోడ" అని దాని పేరు. గట్టు మీద బతికేవాళ్ళకి గోడ అంటే ప్రాణం. బీట ఏమైనా పడిందేమోనని తెరిచాను. ఏమీ లేదు, తెల్లటి తెర. పంపడం చేతకాక అలా పంపారనుకున్నాను.

పంచమి

ఆ తెల్లటి తెర ఇప్పుడు గట్టంతా ఉంది.

టవర్ మరమ్మతులు చూసే ఏసుపాదం పొద్దున్నే వచ్చి, ఇది వైరస్ అక్కా, అన్నాడు. ఆ ఫొటో తెరవగానే అది కంప్యూటర్‌లోకి దూరుతుందట. ముందుగా అడ్రసుల పుస్తకం వెతుక్కుని, అందులో ఉన్న ప్రతి పేరుకీ తనలాంటి ఫొటోనే ఒకటి పంపుతుందట. రాయడానికి మాటలు కూడా వెతుక్కోనక్కర్లేదు, ఆ ఇంట్లో నిన్న రాసిన మెయిల్ నుంచి తీసుకుంటుంది. మన దగ్గర నిన్న రాసినా మొన్న రాసినా ఉండేది ఒకటే మాట. కాబట్టి "బాగున్నాం. మీరు?" అని మర్యాదగా పలకరిస్తూ వస్తుంది. మనమూ మర్యాదస్తులం, పొయ్యి వెలిగించకముందే తెరుస్తాం. ఇంకే ఊళ్ళోనైనా సగంమంది బద్ధకించి తెరవకపోదురు. ఇక్కడ ఒక్కరూ వదల్లేదు.

గిడ్డంగి అతన్ని పిలిపించి చివాట్లు పెట్టబోతుంటే ఏసుపాదం అడ్డుపడ్డాడు.

"ఆయన్ననకండక్కా. పంపింది ఆయన కాకపోవచ్చండి. ఇది పుస్తకంలో ఒకరికి పంపుద్ది, అదే పుస్తకంలోంచి ఇంకొకరి పేరు తీసి పంపినోళ్ళ కింద రాసేద్ది. పేరు చూసి మనిషనుకుంటే మోసపోతామండి."

అంటే సుబ్బయ్య ఇంట్లో రోగం ఉంటే అప్పయ్య పేరు మీద ఎల్లయ్యకి ఉత్తరం వెళ్తుందన్నమాట. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడంటారు, నిజమే. ఈ మాట మరిచిపోకుండా ఇక్కడ రాసి పెడుతున్నాను.

మెయిళ్ళ తాకిడికి టవర్ బ్యాటరీ సాయంత్రానికే నీరసించింది. బ్యాటరీ పోతే ఏ లంకతోనూ మాట ఉండదు. నాకు భయం అదొక్కటే.

సప్తమి

పంచాయతీ కూర్చుంది. ఇల్లిల్లూ తిరిగి కంప్యూటర్లు కడగడానికి ఏసుపాదానికి పది రోజులు పడుతుందట. బ్యాటరీ చూస్తే రెండు రోజులు కూడా ఆగేలా లేదు. ఏం చేద్దామని సరోజిని గారు నన్నడిగారు. నేను చెప్పిన ఉపాయమే ఆర్డరయింది, కనుక వివరంగా రాస్తున్నాను.

టవర్ దగ్గరే జల్లెడ పెడతాం. ఫొటోలు, గొంతు రికార్డులు అక్కడే తెగిపోతాయి. మాటల్లో ఒట్టి "బాగున్నాం. మీరు?" ఉంటే మెయిల్ ముందుకు వెళ్తుంది. ఒక్క ముక్క ఎక్కువున్నా మొత్తం చెత్తబుట్టలోకి పోతుంది. కబుర్లూ కాకరకాయలూ వైరస్ వదిలేదాకా బంద్.

ఏసుపాదం మాత్రం, అక్కా, బాగోలేనోళ్ళు ఏం రాయాలండి, అని అడిగాడు. మంచి ప్రశ్నే. బాగోలేనివాళ్ళు ఏమీ రాయనక్కర్లేదు, ఊరుకుంటే చాలు, మధ్యాహ్నానికి పడవ వాళ్ళ వైపు కదులుతుంది, మన పెద్దవాళ్ళు ఆ కట్టుబాటు పెట్టిందే అందుకు, అన్నాను. అందరూ తలలూపారు. అతనూ ఊపాడు. ఇళ్ళతోపాటు మీ టపా గది కంప్యూటర్ కూడా ఒకసారి చూస్తానన్నాడు. ముందు ఇళ్ళు చూడు నాయనా, నా గదిలో నాకు తెలియకుండా ఏముంటుంది, అన్నాను.

ఆర్డరు అందరికీ పంపాక, జల్లెడ బిగించేలోపు నూక జవాబు వచ్చింది. "అయితే నిన్ను తిట్టడానికి కూడా లేదన్నమాట. పంచాయతీలో కూర్చోబెడితే మా అక్క ఇలాంటి పనే చేస్తుందని నాకు తెలుసు. సరే, బాగున్నాం. మీరు?"

నవమి

జల్లెడ బ్రహ్మాండంగా పనిచేస్తోంది. బ్యాటరీ నిండింది. సరోజిని గారు టపా గదికి వచ్చి, మీరుండబట్టి సరిపోయిందండీ, అని వెళ్ళారు. పలకలు తుడవడానికి మనిషి సంగతి మాత్రం ఎత్తలేదు.

పలకరింపులన్నీ అందాయి. నూక కూడా ఒట్టి రెండు మాటలే రాసింది. పుట్టి బుద్ధెరిగాక అది నా మాట వినడం ఇదే మొదలు. చిన్నప్పుడు గట్టు అంచుకి వెళ్ళకే అంటే అంచు మీదే కూర్చుని కాళ్ళూపేది. ఇప్పుడు ఆర్డరంటే ఆర్డరని ఊరుకుంది. కాస్త గర్వంగానే ఉంది.

ద్వాదశి

ఎండ పేలిపోతోంది. మంచినీళ్ళ యంత్రం వడపోత మార్చాను. లంకల్లో యంత్రాలు ఇంకా పాతవి, ఈ ఎండకి ఎలా ఉన్నాయో. పున్నమికి ఉప్పు పడవ వెళ్తుంది కదా, అందులో నూకకి రెండు కొత్త వడపోతలు పంపాలి. కాస్త మాగాయ కూడా.

దాని పలకరింపు ఈరోజూ ఒట్టిదే వచ్చింది. ఏమిటో, చప్పగా ఉంది. నీళ్ళెలా ఉన్నాయే అని అడగబోయి ఆగిపోయాను. నా జల్లెడ నా మాటని కూడా చెత్తలోనే వేస్తుంది. మనం తవ్విన గోతిలో మనమే పడటమంటే ఇదే. నవ్వుకుని, "బాగున్నాం. మీరు?" అని జవాబిచ్చాను.

పున్నమి

రాయబుద్ధి కావడం లేదు. అయినా జరిగింది జరిగినట్టు రాయాలి.

పొద్దున్నే తలుపులమ్మ ఏడుస్తూ టపా గదికి వచ్చింది. ఆవిడ మామగారు పల్లాలు తాత పదోరోజు మొన్ననే అయింది. ఆయన పేరు మీద ఆవిడకి పలకరింపు వచ్చింది, "బాగున్నాం. మీరు?" అని. తాత ఎక్కడో బాగున్నాడని కబురు పెట్టాడని ఆవిడ నమ్మకం. భయపడాలో సంతోషపడాలో ఆవిడకి తెలియడం లేదు. ఏసుపాదం వెతికి, అది గిడ్డంగి కంప్యూటర్ నుంచి వచ్చిందని తేల్చాడు. గిడ్డంగి పుస్తకంలో తాత అడ్రసు ఇంకా ఉంది. వైరస్ ఆ పేరు తీసుకుని పంపింది. మా జల్లెడ దాని ఫొటో కత్తిరించి, మాటలు శుభ్రంగా ఉన్నాయని ముందుకు పంపేసింది.

తలుపులమ్మ వెళ్ళిపోయింది. ఏసుపాదాన్ని ఉండమని దినచర్య వెనక్కి తిప్పాను. పేరు చూసి మనిషనుకోవద్దని పంచమినాడు నేనే రాశాను. ఒట్టి పలకరింపును నమ్మమని సప్తమినాడు నేనే చెప్పాను. రెండూ ఈ చేత్తోనే రాసి, పక్కపక్కన పెట్టి చూసుకోలేదు.

లంకల పలకరింపులు ఎక్కడినుంచి వచ్చాయో చూడమన్నాను. ఒక్కొక్కటీ చూశాడు. సరిగ్గానే ఉన్నాయి, ఉప్పులంక తప్ప. అష్టమి నుంచీ నూక పేరు మీద వచ్చిన ప్రతి పలకరింపూ ఈ గదిలోంచే, నా కంప్యూటర్ లోంచే వచ్చింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు. నా పుస్తకంలో టపా గది అడ్రసూ ఉంది, మొట్టమొదటి పేరు దానిదే.

చెత్తబుట్ట తెరిచాం. అష్టమి నుంచీ ఉన్నాయి.

అష్టమిది: "బాగున్నాం అని రాయడానికి లేదే. నీళ్ళ యంత్రం పాడైంది. గుంట నీళ్ళు కాచుకుని తాగాం. ఈయనకి వాంతులు. వీలైతే పడవ పంపు."

దశమిది: "అక్కా, నాకూ మొదలైంది. ఆర్డరు గీర్డరు అని కూర్చోక పడవ పంపవే."

ఏకాదశిది గొంతు రికార్డు. మాటలు పెద్దగా లేవు. ఊపిరి వినిపిస్తుంది, మధ్యలో ఒకసారి అక్కా అంటుంది.

ఆ తర్వాత ఏమీ లేవు. ఏసుపాదం అప్పటికే మెట్లు దిగి పరుగెత్తుతున్నాడు. ఉప్పు పడవ కోసం ఆగకుండా గట్టు పడవ తీశారు. మందులూ మంచినీళ్ళ డబ్బాలూ వేశారు. నేనూ వస్తానంటే, టవర్ దగ్గర మనిషుండాలండీ అని సరోజిని గారు చెయ్యి పట్టుకుని ఆపారు. జల్లెడ పీకేశాను. ఉప్పులంకకి రాస్తున్నాను, రాస్తూనే ఉన్నాను. నూకా, పడవ వస్తోంది. నూకా, పడవ బయల్దేరింది. నూకా, జవాబివ్వకపోయినా ఫరవాలేదు, నీళ్ళు మాత్రం కాచుకుని తాగండి.

బహుళ తదియ

పడవ వచ్చింది. చిట్టబ్బాయిని మంచం మీద దించారు. బతుకుతాడు. నూక చతుర్దశి సాయంత్రమే పోయింది. దాన్ని ఉప్పు మడుల పక్కనే పూడ్చి వచ్చారు, తీసుకురావడానికి వీలయ్యే స్థితి కాదన్నారు.

చిట్టబ్బాయి దగ్గర కూర్చున్నాను. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. ఏసుపాదం అతనికి దారిలోనే అంతా చెప్పాడట. నీళ్ళు తాగించాక తనే మొదలుపెట్టాడు.

"మొదట మూడు పంపింది వదినా. జవాబులో నీ పలకరింపే వత్తాంది, బాగున్నాం మీరు అని. అప్పుడు అంది, మాటలు అక్కకి చేరట్లేదు, మనమిక రాయడమే ఆపేద్దాం, ఊరుకుంటే పడవ వత్తాది, అది మా అక్క చెప్పిన రూలే అని. ఓపికుండి కూడా రాయలేదు వదినా. రోజూ మధ్యాహ్నం కాగానే రేవులోకి చూసేది."

అతను కళ్ళు మూసుకున్నాడు. అలాగే చెప్పాడు, "నీ మీద కోపం లేదు దానికి. మా అక్క మోకాళ్ళు, మెల్లగా వత్తాదిలే, అని నవ్వింది."

నేను అక్కడే ఏడ్చాను. ఇంతకంటే రాయలేను.

బహుళ షష్ఠి

పంచాయతీ మళ్ళీ కూర్చుంది. తప్పు నాదని చెప్పాను. అందరం ఒప్పుకున్నదే కదండీ అన్నారు సరోజిని గారు. ఆ మాట నాకు సాయం చెయ్యదు. చేతులు కాలాక పట్టుకునే ఆకులే అయినా కొత్త కట్టుబాటు ఒకటి చేశాం. ఇకమీద ఒట్టి "బాగున్నాం. మీరు?" చెల్లదు. పంపే మనిషి తనదైన మాట ఒకటి కలపాలి. తిట్టో, పరాచికమో, నిన్నటి కూర సంగతో, ఏదైనా సరే. ఒట్టి పలకరింపు వస్తే రానట్టే లెక్క, పడవ కదలాలి. మా చెల్లి మొదటినుంచీ చేస్తున్నది ఇదే. ఆ మాట పంచాయతీలో చెప్పాను.

అయితే నూక పలకరింపులు ఆగలేదు. పొద్దున్నే అందరికీ వస్తున్నాయి. ఏసుపాదం టపా గదితో సహా అన్ని కంప్యూటర్లూ ఒకసారి కడిగాడు. ఈ వైరస్ మొండిది, మూల ఒక ముక్క మిగిలినా మళ్ళీ లేస్తోందట. పూర్తిగా వదిలేదాకా పేరునే తీసేయాలన్నాడు. పుస్తకంలో పేరు లేకపోతే దానికి వేసుకోవడానికి వేషం ఉండదు.

ఇల్లిల్లూ తిరిగాను. మా చెల్లి అడ్రసు మీ పుస్తకంలోంచి తీసేయండి అని అడగడానికి. తలుపులమ్మ తమ మామగారి పేరు కూడా అప్పుడే తీసింది. తీసేముందు తెరకి ఒకసారి దండం పెట్టుకుంది. అందరూ తీశారు. దూరపు గట్లవాళ్ళూ తీశామని రాశారు, తలో ఓదార్పు మాటా కలిపి.

బహుళ నవమి

ఈరోజు కూడా వచ్చింది. ఇప్పుడు నాకొక్కదానికే వస్తోంది.

ఏసుపాదం గుమ్మంలోనే నిలబడ్డాడు, లోపలికి రాలేదు. దాని పేరున్న పుస్తకం ఇక లోకంలో ఒక్కటే, అది నాది. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు.

"తొందరేం లేదండక్కా," అన్నాడు. "మీకెప్పుడు తోస్తే అప్పుడే."

తొందర ఉంది. నా పుస్తకంలో ఆ పేరున్నంతకాలం, ఏ పొద్దున్నైనా అది మళ్ళీ అందరికీ వెళ్ళొచ్చు. చిట్టబ్బాయి కోలుకుని రేపో మాపో కంప్యూటర్ తెరుస్తాడు. పెళ్ళాం బాగున్నానని పలకరిస్తే అతనేమైపోవాలి? అయినా సాయంత్రం దాకా నా చేత కాలేదు. చిన్నప్పుడు దాన్ని బడిలో వేసింది నేను, దానికి మొదటి మెయిల్ అడ్రసు పెట్టింది నేను. ఆ రోజే నా పుస్తకంలో అన్నిటికంటే ముందు రాసుకున్నాను. అంతకుముందు ఆ పుస్తకం ఖాళీ.

ఈ ఉదయం వచ్చిన దానికి కట్టుబాటు ప్రకారం జవాబు రాశాను. బాగోలేదే నూకా అని రాశాను. ఎవరికీ చేరదని తెలుసు. తర్వాత పేరు తీసేశాను.

బహుళ దశమి

పలకలు తుడిచాను. గాలి లేదు, ఉప్పు తక్కువగానే ఉంది. సరోజిని గారు పంపిన మనిషి వచ్చి నిచ్చెన పట్టుకున్నాడు. రేపటినుంచి తనే ఎక్కుతాడట.

పలకరింపులు: గట్టు మీది ఇళ్ళన్నీ పలికాయి. గిడ్డంగి అతను నిన్న పప్పు మాడిందని కలిపాడు. తలుపులమ్మ నన్ను తినమని తిట్టింది. లంకలన్నీ పలికాయి, ఒకటి తప్ప.

మధ్యాహ్నం దాకా చూశాను.

ఉప్పులంక, నూకరత్నం: పలకరింపు రాలేదు.